రణగొణధ్వని యని త్రోసివేయదగునా?

రాష్ట్రేతరాంధ్ర సంఘముల పెద్దలలో నేడొక మాట బాగుగా వ్యాపించియున్నది. (ప్రవాసాంధ్రులను పేరు మాకు సమ్మతము కాదు. కొన్ని తావులలో నాలుగైదు తరములుగా, కొన్ని తావులలో నాలుగైదు వందల యేండ్లుగా ఒక్క ఊరనే పాతుకొనియున్నవాడు ప్రవాసి యెట్లగును?) మన పిల్లలు చెవులకు తగిలించుకొని వినుచున్న పాశ్చాత్య సంగీతము సంగీతమే కాదనియు, అది రాక్షసుల ఘోషయనియు, అందును మెటల్ అను పేరుగలది మతమునకును మర్యాదకును శత్రువనియు, దానిని మన వేదికపై నొక్క గడియ రానిచ్చినచో తెలుగు సంస్కృతికి ఆనాటితో నీళ్లు వదలుకొనవలసినదేననియు ఆ మాట సారాంశము. ఇట్లు చెప్పువారిలో మా మిత్రులు గలరు. మాకంటె పెద్దచదువులు చదివినవారును గలరు. అయినను మేము వారితో ఏకీభవింపజాలము. ఆ సంగీతము మా చెవికి ఇంపైనదగుటచేత కాదు. పది నిముషములు విన్నచో మాకును తలనొప్పి వచ్చుచున్నది. కాని వినకయే తీర్పు చెప్పుట న్యాయము గాదు. విన్న పిమ్మట పట్టవలసిన తప్పు వేరొకటి కనబడుచున్నది. ఆ తప్పులో పిల్లలకంటె పెద్దలకే పాలు హెచ్చు.

ఊరక మెటల్, మెటల్ అని గాలిలో కత్తి త్రిప్పుటకంటె ఒక్క రికార్డును పట్టుకొని విచారించుట మేలు. అందులకు మేమెన్నుకొన్నది బ్రెజిల్ దేశమున 1985లో వెలువడిన సెపుల్తూరా అను బృందముయొక్క తొలి రికార్డు. దాని పేరు ‘బెస్టియల్ డివాస్టేషన్’. మృగప్రాయమైన విధ్వంసమని చెప్పుకొనవచ్చును. బెంగుళూరులోనే 1998లో ఏర్పడిన క్రిప్టోస్ వంటి బృందములుండగా అంత దూరము పోనేల యని యెవరైన అడుగవచ్చును. పొరుగింటి పిల్లవానిపై మనకు కోపము ముందు వచ్చి విచారణ వెనుక వచ్చును. దూరదేశపు పిల్లల విషయమున ఆ చిక్కు లేదు. పైగా ఆ పిల్లలకును మన పిల్లలకును ఒక పోలిక కలదు.

ఈ సంగీతము పుట్టుక తెలియని పాఠకుల కొరకు ముందుగా రెండు మాటలు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అను కర్మాగారముల పట్టణమున బ్లాక్ సబ్బాత్ అను బృందము 1970లో తమ తొలి రికార్డును వెలువరించినది. అందు గిటారు వాయించిన టోనీ అయోమి ఇనుప రేకుల కర్మాగారమున పనిచేయుచు యంత్రములో కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలు పోగొట్టుకొన్నవాడు. వ్రేళ్లకు తొడుగులు చేసికొని, తంతులు బిగువుగానున్నచో నొప్పియగుటవలన వానిని వదులుచేసి వాయింపసాగెను. ధ్వని మంద్రమై బరువెక్కినది. మెటల్ బాణికి ఆ బరువే ప్రాణము. 1980 తరువాత వచ్చిన యువకులు దానికి వేగము చేర్చిరి. కంఠమును గర్జనగా మార్చిరి. మాధుర్యమును బుద్ధిపూర్వకముగా విడిచిపెట్టిరి. దీనినే ఎక్స్‌ట్రీమ్ మెటల్ అందురు. అతితీవ్రమైన దనుట. పెద్ద కంపెనీలు దీనిని ముట్టలేదు. కావున ఆ బృందములు తమ పాటలను క్యాసెట్టులపై తామే ప్రతులు తీసి, టపాలో దేశదేశములకు పంపుకొనుచు, జిరాక్సు కాగితములపై చిన్న పత్రికలు నడుపుకొనుచు బ్రతికినవి. భూగర్భ సంగీతమను పేరు దీనికిట్లు వచ్చినదే గాని, అందు పోలీసులకు వెరచి దాగవలసిన దేమియు లేదు. స్టాంపులంటించి, చిరునామా వ్రాసి, చందాలు పోగుచేసి చిన్న పత్రికలు నడిపిన తెలుగువారికి ఈ పద్ధతి ఎగతాళిగా తోచరాదు.

ఇక బ్రెజిల్. ఆ దేశమున మినాస్ జెరాయిస్ అను రాష్ట్రము గలదు. పేరులోనే గనులున్నవి. అచ్చటి పాత రాజధాని ఔరో ప్రెటో, అనగా నల్ల బంగారము. బంగారముతో బలిసి, చెక్కడపు పనిగల ప్రాచీన చర్చీలతో నిండిన ఊరు. 1897లో రాజధాని బెలో హొరిజోంటెకు మారినది. అది గీత గీచి కట్టిన క్రొత్త నగరము. కోలారు బంగారు గనుల కాలనీలలో పుట్టి పెరిగిన మనవారికి, 2001లో ఆ గనులు మూతపడుట కన్నులార చూచినవారికి, గనుల సీమ మనుష్యుల స్వభావము కొంత తెలియును. దైవభక్తి హెచ్చు, పెద్దల మాటకు ఎదురులేదు, కొండ త్రవ్వినవాని పిల్లలకు మాత్రము భవిష్యత్తు కనబడదు. బెలో హొరిజోంటె గాఢమైన కాథలిక్ నగరము. దానికి తోడు దేశమంతట 1964 నుండి 1985 వరకు ఇరువదియొక్క సంవత్సరములు సైనికుల పాలన నడిచినది.

ఆ ఊరిలో మాక్స్ కవలేరా, ఇగోర్ కవలేరా అను అన్నదమ్ములుండిరి. పెద్దవాడు 1969లోను, చిన్నవాడు 1970లోను పుట్టినవారు. తండ్రి ఇటలీ దేశపు కాన్సులేటు ఉద్యోగి. పిల్లలు చిన్నవారుగానుండగనే గుండెపోటుతో మరణించెను. తల్లి పిల్లలను తీసికొని సావో పౌలో నగరము విడిచి బెలో హొరిజోంటె చేరినది. 1984లో ఈ అన్నదమ్ములు తోటివారితో కలసి బృందము కట్టిరి. మోటర్‌హెడ్ అను ఇంగ్లీషు బృందము పాటలోని సమాధి యను మాటను పోర్చుగీసులోనికి మార్చుకొనగా సెపుల్తూరా యైనది. అదియే వారి పేరు. తండ్రిని పూడ్చిపెట్టిన పిల్లలు తమకు సమాధియని పేరుపెట్టుకొనుటలో దయ్యమును వెదకువాడు వెదకుకొనుగాక. మాకు దుఃఖము కనబడుచున్నది.

ఆ నగరమున కొగుమేలో అను రికార్డుల దుకాణముండెను. ఆ మాటకు పుట్టగొడుగని యర్థము. ఆ దుకాణమువారు అమ్మకముతో తృప్తిపడక ఊరి పిల్లల పాటలను తామే రికార్డు చేయించుటకు పూనుకొనిరి. ఖర్చు కలసివచ్చునట్లు ఒకే పళ్లెమున ఒక ప్రక్క ఓవర్‌డోస్ అను బృందమును, రెండవ ప్రక్క సెపుల్తూరాను ఎక్కించిరి. సెపుల్తూరా ప్రక్కన ఐదు అంశములు. మొదటిది పాటకాదు, ఒక శాపవచనము. తరువాత నాలుగు పాటలు. మొత్తము పావుగంట లెక్క. రెండు దినములలో పని ముగించిరి. 1985 డిసెంబరులో పళ్లెము వెలువడునాటికి అన్నకు పదునారేండ్లు, తమ్మునికి పదునైదు.

వాయిద్యము ఎట్లున్నదందురా? నిజము చెప్పవలెనన్నచో మోటుగా నున్నది. డ్రమ్ములు వాయించు తమ్ముడు చేతికందిన వేగమునకు మించి పరుగెత్తి మధ్య మధ్య తొట్రుపడును. గిటారులు రంపపుపొట్టు రాలినట్లు రాలును. కంఠము గావుకేక. (మరుసటి యేట, 1986లో, వెలువరించిన ‘మార్బిడ్ విజన్స్’ అను రికార్డులో తంతులు సరిగా శ్రుతి చేసికొననేలేదని తరువాత వారే చెప్పుకొనిరి.) శ్రుతి మాత, లయ పిత యని పెరిగిన మనకు ఇది సహింపరానిదే. అయినను మేమొక సంగతి గమనించితిమి. మా యింటి పిల్లవాడు ఈ రికార్డును మూడుమార్లు వినిపింపగా, మూడవమారు మాకు ఆ తొట్రుపాటులోని ఆవేశము బోధపడినది. ఆ పావుగంటలో ఒక్క క్షణమైనను ఆ పిల్లలు నటనకు లొంగలేదు. చేతకానిదానిని చేతనైనట్లు చూపుటకు యత్నింపలేదు. ఉన్న బలమంతయు పెట్టిరి. మన వార్షికోత్సవములలో, వాద్యధ్వని యంతయు యంత్రమునుండి సిద్ధముగా వచ్చుచుండగా, తెరపై కదలు అక్షరములను చూచుచు సినిమా పాట పాడు పెద్దమనుష్యులను గూర్చి ఈ మాట చెప్పగలమా?

ఆ నలుగురు తమకు పెట్టుకొన్న మారుపేర్లు చూచి నవ్వు వచ్చును. అన్న ‘పొసెస్డ్’, అనగా పూనకము పట్టినవాడు. తమ్ముడు ‘స్కల్‌క్రషర్’, పుర్రెలు నుగ్గుచేయువాడు. పౌలో జూనియరను మూడవవాడు విధ్వంసకుడు. జైరో అను నాలుగవవాడు యాతన పెట్టువాడు. వీథినాటకమున హిరణ్యకశిపుని వేషము కట్టినవాడు గద యెత్తి రంకెవేయగా తల్లుల చంకలలోని బిడ్డలు కెవ్వుమనెడివారు. తెల్లవారి వాడే మన యింటికి వచ్చి మజ్జిగ త్రాగిపోయెడివాడు. వేషమును వేషముగా చూచు తెలివి మన పూర్వులకుండెను. ఈ బృందమున మొదట కొంతకాలము పాడి, విడిపోయి, సార్కోఫాగో అను మరింత ఉగ్రమైన బృందమున చేరిన వాగ్నర్ లామూనియే పిమ్మట అదే రాష్ట్రపు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రాచార్యుడయ్యెను. మెటల్ విన్నవాడు చదువునకు పనికిరాడను మా మిత్రులు ఈ సంగతి మనసున నుంచుకొందురుగాక.

అసలు ఆక్షేపణ దైవదూషణను గూర్చినది. ఈ రికార్డులో ‘ఆంటీక్రైస్ట్’ అను పాట యున్నమాట వాస్తవమే. కాథలిక్ పట్టణమున పుట్టి, చర్చిగంటల నడుమ పెరిగిన పదునారేండ్లవాడు చర్చిపై తిరుగబడుట యింటి తగవు. ఆ తగవు తీర్చుకొను హక్కు వానిది. మనము మధ్యవర్తులము కానక్కరలేదు. కాని బెంగుళూరు మల్లేశ్వరమునగాని, చెన్నపట్టణపు మాంబళమునగాని, బరంపురమునగాని పుట్టిన తెలుగు బాలుడు అదే మాటను అరచినచో అది ఎవరి తగవు? వానికి ఆ చర్చి తెలియదు, ఆ పాలన తెలియదు, ఆ గనులు తెలియవు. వాని కోపము ఎరువు సొమ్ము. వానికి కోపకారణములు లేవని కాదు, కోకొల్లలుగా నున్నవి. వానిని వాడు తన మాటలలో చెప్పుకొనుట లేదు. ఈ సంగీతమునందు మేము చూచిన తప్పు ఇదియే. రాక్షసత్వము తప్పుగాదు, ఎరువు తెచ్చుకొన్న భాష తప్పు.

ఈ తప్పు ఆ బ్రెజిల్ పిల్లలదికూడను. పుట్టినది పోర్చుగీసు మాటాడు దేశమున, పాడినది ఇంగ్లీషున. ఆనాడు వారికి ఇంగ్లీషు వచ్చినది అంతంతమాత్రము. తమ మాటలను మాటకు మాటగా ఇంగ్లీషులోనికి త్రిప్పుకొనిరి. క్యాసెట్టు విదేశములకు పోవలెనన్నచో ఇంగ్లీషు తప్పదనియే వారి నమ్మకము. ఈ పని యెట్టిదో మాకు బాగుగా తెలియును. మెట్రిక్యులేషను చదువుతో గుమాస్తా కొలువున చేరి, బల్లమీద ఇంగ్లీషు నిఘంటువు నుంచుకొని, పాత ఫైలులోని వాక్యమును చూచి క్రొత్త ఫైలులో దింపుచు జీవితమంతయు గడపినవారము మేము. ఎరువు తెచ్చుకొన్న వాక్యముతో అర్జీ వ్రాయవచ్చును, సంజాయిషీ అడుగవచ్చును, బిల్లు వాపసు చేయవచ్చును. కడుపులోని బాధను వ్రాయుట సాధ్యము గాదు. ఆ రికార్డులోని పాటల మాటలను కాగితముపై పెట్టి చదివితిమి. మృత్యువు, నరకము, యుద్ధము, శాపము అను పెద్ద మాటలు ఒకదానిపై నొకటి పేర్చిన మూటలవలెనున్నవి. తండ్రి చావు అందులో లేదు. సైనికుల పాలన అందులో లేదు. కంఠమున నున్నది, మాటలో లేదు.

మా మిత్రులిప్పుడు, చూచితిరా మీరును ఒప్పుకొంటిరి, ఇది మన భాష కాదు గనుక మన వేదికకు తగదని యందురు. వారినొక్క ప్రశ్న యడిగెదము. 1943లో మదరాసున తమిళ ఇసై సంగము స్థాపింపబడిన దినములలో, కచేరీలలో తమిళ కీర్తనలు పాడవలెనని తమిళులు పట్టుపట్టినప్పుడు, సంగీతమునకు భాషాభేదము లేదని వాదించిన వారెవరు? వారిలో మన పెద్దలును గలరు. తిరువయ్యారున త్యాగరాజస్వామి తెలుగున పాడిన కీర్తనలను అర్థము తెలియకయే కావేరీతీరమంతయు పాడుచుండగా మనకది గర్వకారణమైనది. తన భాషలో తన పాట కావలెనన్న తమిళుని కోరిక మాత్రము మనకు సంకుచితత్వముగా తోచినది. సంగీతమునకు భాష లేనిచో ఇంగ్లీషు గావుకేకకును అడ్డుచెప్పరాదు. భాష కలదన్నచో, ముందుగా మన సంఘములలో తెలుగెంత యున్నదో లెక్క చూచుకొనవలెను.

ఆ లెక్క మాకు తెలిసినంతవరకు చెప్పెదము. ఉగాది ఆహ్వానపత్రిక ఇంగ్లీషున అచ్చగును. పైన స్వస్తిక్ చిహ్నము, క్రింద విందు వివరము. పిల్లలు చదువు వేమన పద్యము ఇంగ్లీషు అక్షరములలో వ్రాసియిచ్చినది. స్వాగతవచనము మొదటి రెండు వాక్యములు తెలుగు, తరువాతిది ఇష్టము వచ్చిన భాష. 2006లో తమిళనాట తమిళమును పాఠశాలలలో తప్పనిసరి చేయు చట్టము వచ్చినప్పుడు అన్యాయమని సభలు చేసితిమి, సభలు చేయవలసినదే. కాని ఆ సభలలో మాటాడినవారిలో తమ పిల్లలను తెలుగు తరగతికి పంపినవారెందరు? ప్రభుత్వము ఒక వాకిలి మూసినది నిజము. ఇంటి వాకిలి మూసినది ప్రభుత్వము గాదు.

ఇచ్చట ఒక సంఘమున జరిగిన దానిని వ్రాయక తప్పదు. పేరు చెప్పము. నలుగురు యువజనులు, అందొక యువతి డ్రమ్ములు వాయించునది, ఉగాది సాయంకాలమున తమకు అరగంట సమయ మిమ్మని కార్యవర్గమును కోరిరి. వారు సిద్ధము చేసినవి నాలుగు పాటలు. మూడు ఇంగ్లీషువి; చావు, తెగులు, నరకము. నాలుగవది తెలుగున బాలచంద్రుని యుద్ధమును గూర్చినది. అక్షరదోషములు దిద్దుమని ఆ కాగితము మా యొద్దకు తెచ్చిరి. ఇంగ్లీషు అక్షరములలో వ్రాసియున్న ఆ పాటను తెలుగు లిపిలోనికి మార్చి, వత్తులు సరిచేసి, రెండుచోట్ల క్రియలు దిద్ది యిచ్చితిమి. మొదటి మూడింటిని పారవేయుడని నిర్మొగమాటముగా చెప్పితిమి. వారికి కోపము వచ్చినది. వచ్చుట సహజమే. నాలుగవ పాటను వారు సాధన చేయుచుండగా పోయి వింటిమి. తల్లి ఐతమ్మ యొద్ద సెలవు తీసికొను ఘట్టమునకు వచ్చునప్పటికి గిటారులు ఆగిపోయి ఒక్క డ్రమ్ము మాత్రము నెమ్మదిగా మ్రోగును. అచ్చట మాకు కన్నులు చెమర్చినవి. ఆ యువతి దానిని ఎవరివద్దను నేర్వలేదట.

కార్యవర్గము వారి కోరికను త్రోసిపుచ్చినది. కారణము: సంస్కృతికి విరుద్ధము. ఆ అరగంటను ఒక క్రొత్త సినిమాపాటకు గుంపునృత్యమునకిచ్చిరి. ఆ పాట మాటలను ఇచ్చట చెప్పుటకు మా కలము సిగ్గుపడుచున్నది.

సంస్కృతి యనునది సన్నాయియు సాంబ్రాణిపొగయు మాత్రమేనా? నవరసములలో రౌద్ర భయానక బీభత్సములను లెక్కించినవారు మన పూర్వులే. వీరభద్రుని ఖడ్గములు చదువునప్పుడు ‘శరభ శరభ’ యని వేయు కేకలను, వీరణముల మ్రోతను విన్నవాడు మెటల్ విని మూర్ఛపోవలసిన పనిలేదు. క్రీడాభిరామమున ఓరుగల్లు వీథులలో పలనాటి వీరుల కథను వాద్యముతో పాడిన స్త్రీయు, మైలారదేవుని భటుల ఒడలు జలదరింపజేయు సాహసములును వర్ణింపబడినవి. శ్రీనాథుని ద్విపదగా ప్రసిద్ధికెక్కి, 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు అచ్చువేయించిన పల్నాటి వీరచరిత్రములో నెత్తురు తక్కువా? కారెంపూడిలో ఏటేట కార్తీకమాసమున ఆ వీరుల ఆయుధములకు నేటికిని ఉత్సవము జరుగుచున్నది. తిరుపతి గంగమ్మ జాతరలో వేషములు కట్టి తిట్లు తిట్టుట మ్రొక్కుబడి. తమిళదేశపు దక్షిణ జిల్లాలలో రాజకంబళ నాయకులు ఇంట తెలుగు మాటాడుచు, దేవదుందుభి మ్రోగుచుండగా దేవరాట్టమాడుదురు. వారి తెలుగు మన నిఘంటువులకెక్కలేదు, వారి దుందుభి మన వేదికలకెక్కలేదు. రాష్ట్రేతరాంధ్రులలో ఇంతటి లయసంపద గలవారుండగా వారిని నాగరికులు కారని దూరముంచి, ఇప్పుడు పిల్లలు బ్రెజిల్ డ్రమ్ములకు పోయిరని యేడ్చుట మాకు వింతగానున్నది.

ఆ బ్రెజిల్ పిల్లలేమైరో చెప్పి ముగించెదము. చేయి కుదిరినది. 1989 నాటికి వారి రికార్డులు ఐరోపా అమెరికాలలో అమ్ముడుపోయినవి. ఇంగ్లీషును విడువలేదు గాని, పేరు వచ్చినకొలది తమ దేశమువైపు తిరిగిరి. 1993 నాటి ‘కేయాస్ ఏ.డీ.’ అను రికార్డులో బ్రెజిల్ తాళములు వినవచ్చును. 1996లో ‘రూట్స్’, అనగా వేళ్లు, అను రికార్డు కొరకు మాతో గ్రోసో రాష్ట్రమున షవాంతె అను ఆదివాసుల పల్లెకు పోయి వారితో కూర్చుండి పాడిరి. బహియా సీమకు చెందిన కార్లిన్యోస్ బ్రౌన్ అను వాద్యకారునితో కలసి పోర్చుగీసున పాడిన పాట అందే యున్నది. పాతవిధానమే మేలనువారు ఆ రికార్డును నేటికిని తిట్టుదురు. మాకు మాత్రము, 1985లో కంఠమునందున్నది 1996లో మాటకును డ్రమ్ముకును వచ్చినదనిపించినది. ఆ యేడాది చివరనే అన్న బృందమును విడిచిపోయెను. 2006లో తమ్ముడును విడిచెను. తగవుల వివరము మనకనవసరము. మిగిలినవారు పేరు నిలబెట్టుకొని 2024లో వీడ్కోలు యాత్ర ఆరంభించిరి. అన్నదమ్ములు తిరిగి కలసి, ఏబది దాటిన వయస్సులో, 2023లో ఆ తొలి రికార్డును మొదటినుండి మరల పాడి వెలువరించిరి. చిన్ననాటి కేకను సిగ్గుపడి దాచలేదు. మొదటి వేదికయే దొరకనిచో తిరిగి పాడుటకేమి మిగిలియుండెడిది? వారికి అచ్చటి రికార్డుల దుకాణదారు ఆ వేదిక నిచ్చెను. మన పిల్లలకు ఎవరిచ్చెదరు?

కాబట్టి మేము కోరునది మితమైనది. సంఘములు ఉగాది సభలో యువజనులకు అరగంట విడిచిపెట్టవలెను. నియమ మొక్కటే: పాట తెలుగున నుండవలెను. వాద్యము ఏదైనను సరే, కంఠము ఎట్లున్నను సరే. భాష రానివానికి నేర్పుటకు ఆదివారము ఉదయమున రెండు గంటలు పెద్దలు కూర్చుండవలెను. మేము మొదట కూర్చుండుటకు సిద్ధముగానున్నాము. దేవరాట్టమాడు వారిని పిలిపించి ఆ డ్రమ్ముల యువతి ఎదుట దుందుభి మ్రోగింపజేయవలెను, ఏమగునో చూతము. చెవులు పగులునందురా, ఆ ఆక్షేపణ మాకును సమ్మతమే. రాత్రి పది గంటల తరువాత మైకు పెట్టరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములలో నున్నది. ఆ నియమము భజనలకును, సినిమాపాటలకును, అధ్యక్షోపన్యాసములకును సమానముగా వర్తించును.

ఆ నలుగురు ఈ యేడు మరల దరఖాస్తు పెట్టుకొన్నారు. ఈసారి పాటలు మూడు, మూడును తెలుగువి. దరఖాస్తుకూడ తెలుగుననే వ్రాసిరి. మేము దిద్దలేదు, రెండు తప్పులున్నవి. కార్యవర్గమువారు జవాబును లిఖితపూర్వకముగా, కారణములతో, తెలుగున ఇత్తురని కోరుచున్నాము.